పేరు చెప్పకండి, చోటు చెప్పండి

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడినప్పుడు వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. దుకాణం ఎక్కడో ఊరందరికీ తెలుసు, అమ్మేవాడు తెలుసు, వేలంపాటలో దక్కించుకున్న కాంట్రాక్టరూ తెలుసు. నేరుగా వెళ్లి నిలబడ్డారు, మరుసటి ఏడాదికి రాష్ట్రంలో సారా అమ్మకమే ఆగింది. గంజాయికి దుకాణం లేదు. జేబులో పొట్లం, సెల్లులో మెసేజ్, బైకు మీద రెండు నిమిషాల పని. చీపురు పట్టుకుని ఎవరి మీదకి పోవాలి?

అలాగని వీధికి తెలియదా అంటే, తెలుసు. చీకటి పడ్డాక రైలు కట్ట దగ్గర ఎవరు చేరుతున్నారో టీ అంగడాయనకి తెలుసు, మిద్దె మీద బట్టలు తీసే అమ్మకి తెలుసు. మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి చెన్నై పోయే సరుకుకి హైవే అయినా రైలయినా ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు దాటాల్సిందే, దాటేదంతా దాటిపోదు, కొంత మన దగ్గరే దిగుతుంది. అన్నీ తెలిసీ మాట్లాడనిది భయంతోనే. రేపు వాడు ఇంటి ముందుకొస్తే ఎవరు అడ్డం పడతారనే ఆ టెన్షన్‌ని పిరికితనం అనడానికి మాకు నోరు రాదు.

అందుకే పేరు చెప్పమని మేం అడగడం లేదు. మత్తుమందులని అరికట్టే రాష్ట్ర పోలీసు ఈగల్ విభాగానికి 1972, కేంద్రం పెట్టిన మానస్ హెల్ప్‌లైన్‌కి 1933, ఈ రెండిట్లో ఏదో ఒకదానికి ఫోన్ చేసి చోటు, వేళ, బండి నంబరు చెబితే చాలు. వెంటపడి వీడియోలు తీయొద్దు. వీధి వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు, ఆ గ్రూపులో వాడి బావమరిది కూడా ఉంటాడు. పాత కక్షలు తీర్చుకోవడానికి మాత్రం చేయకండి, కావాలని తప్పుడు సమాచారం ఇస్తే మత్తుమందుల మీదున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందే రెండేళ్ల దాకా జైలు.

పట్టుబడేది మన పిల్లోడే అయితే ఎలా అని అడిగే తల్లులు ఉన్నారు. అమ్మేవాడినీ అలవాటు పడినవాడినీ చట్టం ఒకే గాటన కట్టలేదు. కొద్దిపాటి సరుకుతో దొరికినా, తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చి అది పూర్తి చేసుకునేవాడికి ఆ చట్టంలోని 64ఏ సెక్షన్ కేసు నుంచి రక్షణ ఇస్తోంది. స్టేషన్లలో ఈ మాట ఎంతమందికి చెబుతున్నారో మరి.

పోలీసులకీ ఒక మాట. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరని అదే చట్టంలోని 68వ సెక్షన్ చెబుతోంది. బలవంతం లేకుండానే నోరు జారితే ఆ సెక్షన్ ఏం చేస్తుంది? ఫోన్ వచ్చిన గంటకి అదే సందులో జీపు ఆపి, "ఎవరమ్మా ఇందాక ఫోన్ చేసింది?" అని అడిగారంటే ఆ సందులోంచి మళ్లీ ఫోన్ రాదు.