కాజీపేట బసలకూ చరిత్ర ఉంది

పూరీలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నడిపిన బీఎన్ఆర్ హోటల్ పేరు ఆ కంపెనీ పోయాక కూడా నిలిచింది. వరంగల్, కాజీపేటల్లో అంతటి హోటల్ ఉండేదని మేం అనడం లేదు. ఇక్కడ రైలు తెచ్చిన బసలు వేరు. స్టేషన్ రిటైరింగ్ రూములు, డ్రైవర్లూ గార్డులూ డ్యూటీ దిగి నడుం వాల్చే రన్నింగ్ రూములు, స్టేషన్ బయట రోడ్డు మీది లాడ్జిలు. ఇవీ మన చరిత్రే.

నిజాం రైల్వే లైను కాజీపేట, వరంగల్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. కాజీపేట తలరాత మార్చింది మాత్రం ఇక్కడి నుంచి ఉత్తరాన మహారాష్ట్రలోని బల్లార్షాకు వేసిన లైను. అది పూర్తవడంతో ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా దారి ఏర్పడి, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. పెద్దపల్లి, మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ బండి మారాల్సిన వాళ్లకు తెల్లారేదాకా తలదాచుకునే చోటు కావాలి. పత్తి, ధాన్యం బేరాలకు వచ్చిన వ్యాపారికీ కావాలి. 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చాక పని వెతుక్కుంటూ దిగిన కూలీకీ కావాలి. నగరం పెరిగింది ఇలా ఒక రాత్రికని దిగి ఇక్కడే ఉండిపోయిన వాళ్లతో కూడా.

ఆ మిల్లు మూతపడింది, భవనాలు కూలిపోయాయి. వేలమందికి అన్నం పెట్టిన చోటును అంత తేలిగ్గా పోగొట్టుకున్నాం. ఆ తప్పు మళ్లీ జరగకూడదు.

రైల్వే స్టేషన్లను ఆధునికీకరించే అమృత్ భారత్ పథకం కింద వరంగల్ స్టేషన్ కాకతీయ శిల్పకళ ఛాయలతో కొత్త రూపు దిద్దుకుని 2025 మేలో ప్రారంభమైంది. సంతోషించాం. కాజీపేట కూడా అదే పథకంలో ఉంది. అయితే కాకతీయులను తలచుకునే స్టేషన్‌లో ఆ స్టేషన్‌ను నడిపిన వాళ్ల, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసిన ఫైర్‌మెన్, పట్టాలు చూసుకున్న గ్యాంగ్‌మెన్, పోర్టర్ల ఊసు కూడా ఉండాలి కదా! రాజుల కోటకు దక్కే గౌరవం రైలు కార్మికుడి రన్నింగ్ రూముకు ఎందుకు దక్కకూడదు?

దక్షిణ మధ్య రైల్వే తన పాత భవనాల్లో దేన్నైనా కూల్చే ముందు దాని ఫొటోలు, ప్లాన్లు భద్రపరచాలి. గట్టిగా ఉన్నవాటిని బాగుచేసి వాడుకోవాలి. నగరపాలక సంస్థ స్టేషన్ రోడ్డు లాడ్జిల సర్వే చేపట్టి, యజమానుల దగ్గర పాత రిజిస్టర్లుంటే నకళ్లు తీయించాలి. 2017 నాటి రాష్ట్ర వారసత్వ చట్టం కిందికి వీటిలో ఏవి వస్తాయో ప్రభుత్వం పరిశీలించాలి. అన్నిటికంటే ముందు, రిటైరైన రైల్వే ఉద్యోగుల జ్ఞాపకాలను రికార్డు చేయాలి. ఆవిరి ఇంజన్ నడిపిన తరం వయసు మళ్లింది. ఈ పనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.