ఆ వాల్వుకు మూత బిగించకండి

"కొళాయిలో ప్రెజరు పెంచే అయిదు చిట్కాలు, ప్లంబర్లు మీకు చెప్పనివి." ఈ ఫార్వర్డు నాకు ఈ వారంలో నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపినవాడు నా పక్క బెంచీలో కూర్చుని ఇంజనీరింగ్ చదివినవాడు.

పెద్ద ట్యాంకు పెడితే ప్రెజరు పెరుగుతుందట. పెరగదు. 500 లీటర్లదైనా 5,000 లీటర్లదైనా లెక్కలోకొచ్చేది కొళాయికి పైన నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదే, మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ (ప్రెజరు కొలత). గణితవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే తేల్చేసిన సంగతి ఇది.

మోటారు హార్స్‌పవరు పెంచితే ఎంత లోతునుంచైనా లాగుతుందట. పైన కూర్చున్న మోటారు లాగేదేమీ లేదు, కింద నీళ్లను తోసేది గాలి. ఆ తోపు పది మీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది. ఏడెనిమిది దక్కితే గొప్ప. అంతకన్నా లోతైతే మోటారునే నీళ్లలోకి దించేది ఊరికేనా?

సన్న పైపు వేస్తే నీళ్లు జోరుగా వస్తాయట. వ్యాసం సగం చేసి చూడండి, వచ్చే నీళ్లు ఆరో వంతుకు పడిపోతాయి.

నాకు ఒళ్లు మండింది నాలుగోదానికి. "గీజర్ కింద వాల్వు నుంచి నీళ్లు కారుతుంటే ప్రెజరు వృథా. ఎండ్ క్యాప్ బిగించేయండి." పక్కన చేతులు జోడించిన బొమ్మొకటి. ఎవరికి ఆ దండం, పోయేవాళ్లకా?

25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి కాగితే దాదాపు 380 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వచ్చిన పైపులోకి వెనక్కి పోదామంటే, నీళ్లను ఒకవైపే వదిలే నాన్‌రిటర్న్ వాల్వు పోనివ్వదు. వేడినీళ్ల కొళాయి కట్టేసి ఉంది. నీళ్లు గాలిలా నొక్కితే సర్దుకునే రకం కాదు. ప్రెజరు ఎగబాకుతుంది, ఫార్వర్డు మూసెయ్యమన్న ఆ కింది వాల్వే, సేఫ్టీ వాల్వు, కాస్త తెరుచుకుని చుక్క చుక్కగా వదిలేస్తుంది. దాని ఉద్యోగమే అది.

దాని నోరు మూసేశాక ఒకరోజు, నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ అంటుకుపోయిందనుకోండి. కాయిల్ కాగుతూనే ఉంటుంది. ప్రెజరులో ఉన్న నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. ఏదో అతుకు చీలిన మరుక్షణం అందులో కొంత ఒక్కసారిగా ఆవిరైపోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. గోడల్నీ తలుపునీ అడిగి మరీ తీసుకోదు. ఇంత చిట్కా చెప్పిన మహానుభావుడు అది బిగించాక ఎంత దూరంలో నిలబడాలో కూడా రాసుంటే బావుండేది.

గీజర్ ఆపేసినా కారుతూనే ఉందా? అయితే వాల్వు పాడైంది, లేదా వచ్చే నీళ్ల ప్రెజరే ఎక్కువ. బాగుచేయించుకోండి. ఇప్పటికే క్యాప్ బిగించినవాళ్లు ముందు వెళ్లి స్విచ్చి ఆపండి. పూర్తిగా చల్లారాకే క్యాప్ ముట్టుకోండి.

అయిదోది, తోట పైపు చివర వేలు అడ్డంపెడితే ప్రెజరు పెరుగుతుందన్నది. దీన్ని చీల్చి చెండాడాలనే కూర్చున్నాను. వేగం పెరిగితే ప్రెజరు తగ్గుతుందయ్యా, శాస్త్రవేత్త బెర్నౌలీ చెప్పాడయ్యా అని ఇన్నేళ్లూ ఊరందరితో వాదించాను. నిన్న రెండో చేత్తో పైపు పట్టుకుని చూశాను. వేలు అడ్డం పెట్టగానే మెత్తటి పైపు బిర్రుగా బిగుసుకుంది. ప్రవాహం తగ్గేసరికి పైపు పొడుగునా రాపిడికి పోయే ప్రెజరు మిగిలి వేలి వెనక చేరుతోంది. దూరంగా చిమ్మేది ఆ బలంతోనే. ఫార్వర్డు మాటే నిజం, తప్పు నాది.

బకెట్టు మాత్రం వేలు తీస్తేనే తొందరగా నిండుతుంది.