పిక్కలు సన్నబడ్డాయి సరే, మెట్లెక్కగలుగుతున్నారా?

సియోల్‌లోని గంగ్నమ్ ప్రాంతంలో కాస్మెటిక్ క్లినిక్‌లకు లెక్కలేదు. కనురెప్పలు, ముక్కు, దవడలతో పాటు అక్కడ పిక్కలు సన్నబరిచే చికిత్సలకూ గిరాకీ ఉంది. మోకాలి కింద కండ ఉబ్బెత్తుగా ఉన్న కాళ్లను కొరియాలోనే కాదు, చైనాలోనూ జపాన్‌లోనూ ముల్లంగితో పోల్చి ఎగతాళి చేస్తారు. ఆ మాట పడలేక వచ్చేవాళ్లలో ఎక్కువమంది యువతులు. వాళ్లకు మామూలుగా దొరికే హామీ ఏమిటంటే, ఆపరేషన్ అయిన రోజో మర్నాడో నడిచి ఇంటికి వెళ్లిపోవచ్చని. ఇది అబద్ధం కాదు. కాకపోతే నడవడం ఒక్కటే కాలు చేసే పని కాదు.

పిక్కలో ప్రధానంగా రెండు కండరాలుంటాయి. పైకి కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్. తొడ ఎముక చివర, మోకాలికి కాస్త పైన రెండు పాయలుగా మొదలై కిందికి దిగుతుంది. లోపలి వైపు పాయ పెద్దది. ఉబ్బెత్తుగా కనిపించేది ఎక్కువగా అదే. దాని అడుగున బల్లపరుపుగా సోలియస్ ఉంటుంది. రెండూ కలిసి మడమ వెనుక తాడులా ఉండే అకిలిస్ టెండన్‌గా మారి ఎముకకు అతుక్కుంటాయి. గంటల తరబడి నిలబడడానికి, నిదానంగా నడవడానికి ఎక్కువగా శ్రమపడేది సోలియస్. అది తొందరగా అలసిపోదు. పరుగెత్తాలన్నా, గెంతాలన్నా, ఏటవాలు ఎక్కాలన్నా, కదులుతున్న బస్సు అందుకోవాలన్నా గ్యాస్ట్రోక్నీమియస్ కావాలి. మనం పిక్కబలం అనేదాంట్లో పెద్ద వాటా దీనిదే. సర్జన్ దెబ్బతీసేది దీన్ని, వదిలేసేది సోలియస్‌ని. మర్నాడే నడిపించగలగడం వెనుక ఉన్న రహస్యం ఇంతే.

పద్ధతులు నాలుగైదు ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. తేలికైనది బోటులినం టాక్సిన్ ఇంజెక్షన్, అందరూ బోటాక్స్ అనేది. నరం నుంచి కండరానికి సంకేతం అందకుండా చేస్తుంది. పని తగ్గిన కండరం కొన్ని వారాల్లో చిక్కుతుంది. కొన్ని నెలలకు మందు ప్రభావం పోయి కండ మళ్లీ వస్తుంది. మళ్లీ మళ్లీ డబ్బు కట్టాల్సి రావడం దీని లోపమని క్లినిక్‌లు చెప్తాయి. నాకైతే అదే దీని గొప్ప సుగుణం అనిపిస్తుంది. నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉంది.

తర్వాతిది నరం కత్తిరించడం. మోకాలి వెనుక మడతలో చిన్న కోత పెట్టి, కాలి వెనుకగా దిగే టిబియల్ నరం నుంచి గ్యాస్ట్రోక్నీమియస్‌కు వెళ్లే కొమ్మను వెతికి తెంచేస్తారు. కోత కూడా వద్దంటే సూదిలాంటి ఎలక్ట్రోడ్ దించి, రేడియో తరంగాల వేడితో ఆ నరాన్నో కండరాన్నో కాలుస్తారు. ఇవేవీ చాలకపోతే కండరంలో కొంత భాగాన్నే కోసి తీసేస్తారు. కొవ్వు లాగేసే లైపోసక్షన్ కూడా ఉంది గానీ, పిక్క మీద సాధారణంగా కొవ్వు పొర పలచన. మునివేళ్ల మీద నిలబడి వేళ్లతో గిల్లి చూసుకుంటే చేతికి దొరికేది ఎంతో ఎవరికి వాళ్లకే అర్థమవుతుంది.

ఇక కోలుకోవడం. ప్రకటనలు రెండు వాక్యాల్లో ముగించేసే భాగం ఇది. నరం తెంచినా, కండరం కోసినా, కాల్చినా మొదటి రోజుల్లో వాపు, కమిలిన నలుపు, లాగుతున్నట్టు నొప్పి ఉంటాయి. కాలిని బిగించి పట్టే కంప్రెషన్ స్టాకింగ్స్ వారాల పాటు తీయకూడదు. కండరాన్ని కోసినవాళ్లకు, కాల్చినవాళ్లకు పిక్క బిగుసుకుపోయి మడమ నేలకు ఆనకపోవచ్చు. అప్పుడు మునివేళ్ల మీద చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగాలి. దాన్ని సాగదీయడానికి రోజూ గోడకు చేతులు ఆనించి స్ట్రెచింగ్ చేయాలి. నొప్పికి భయపడి మానేస్తే ఆ బిగువు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. పక్కనే ఉండే చర్మపు నరానికి దెబ్బ తగిలితే పాదం బయటి అంచున తిమ్మిరి, లేదా కరెంటు కొట్టినట్టు మంట.

రక్తం గడ్డకట్టే ముప్పు ఇంకా పెద్దది. పిక్క కండరాలు బిగిసిన ప్రతిసారీ కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు పైకి నెడతాయి. ఆ పంపు మందగించి, పైగా కదలకుండా పడుకుంటే లోపలి సిరల్లో గడ్డలు ఏర్పడొచ్చు. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికొస్తుంది. 2024లో 11 లక్షలకు పైగా విదేశీయులు వైద్యం కోసం కొరియా వచ్చారు. వాళ్లలో చర్మ సౌందర్యం కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. అలా వచ్చి పిక్కలకు ఆపరేషన్ చేయించుకున్న మనిషి నాలుగో రోజునో ఐదో రోజునో గంటల కొద్దీ విమానం సీట్లో కూర్చుంటే? ఊరెళ్లాక కాలు వాస్తే చూపించుకోవడానికి ఆ సర్జన్ అందుబాటులో ఉండడు.

సరే, ఇవన్నీ దాటారనుకుందాం. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒంట్లో ఒక కండరం పని మానేస్తే ఆ బరువు పక్కవాటి మీద పడుతుంది. లోపలి పాయ చిక్కేకొద్దీ బయటి పాయ, సోలియస్ లావెక్కొచ్చు. అప్పుడు కాలు సన్నబడదు, ఆకారం మారుతుంది, అంతే. ఉబ్బు బయటికి జరిగి దొడ్డికాళ్లలా కనిపించొచ్చు. రెండు కాళ్లూ సమంగా చిక్కుతాయన్న హామీ లేదు. తెంచిన నరం మళ్లీ మొలకెత్తి కండరాన్ని అందుకుంటే లావు తిరిగొస్తుంది. ఇంతా చేసి తగ్గేది కొద్ది సెంటీమీటర్లు.

చైనా ఆరోగ్య శాఖ 2021లో అందం కోసం పిక్క నరం తెంచే ఆపరేషన్లను నిషేధించింది. అంతకు ముందు 2006లో, అందం కోసం కాళ్ల పొడవు పెంచే ఆపరేషన్లను కూడా ఆ దేశం ఆపేసింది. నిషేధాలంటే నాకు అంత నమ్మకం లేదు, దొంగచాటు వ్యాపారం పెరుగుతుందేమోనన్న అనుమానమూ ఉంది. అయినా ఈ విషయంలో చైనా తీసుకున్న నిర్ణయమే సబబు. ఆరోగ్యంగా ఉన్న నరాన్ని తెంచి, ఆరోగ్యంగా ఉన్న కండరాన్ని ఎండగట్టడం చికిత్స కాదు, కావాలని వైకల్యం తెచ్చిపెట్టడం. కొరియా దారి వేరు. అక్కడ లైసెన్సున్న డాక్టరెవరైనా కాస్మెటిక్ క్లినిక్ తెరవొచ్చు, ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్టే కానక్కర్లేదు. 2016లో దవడ ఆపరేషన్‌లో విపరీతంగా రక్తం పోయి ఒక యువకుడు చనిపోయాక, అతని తల్లి ఏళ్ల తరబడి పోరాడాక, 2023 సెప్టెంబర్ నుంచి రోగి స్పృహలో లేకుండా ఆపరేషన్ చేసే థియేటర్లలో సీసీటీవీ తప్పనిసరి అయింది. మంచిదే. కానీ థియేటర్లో ఏం జరిగిందో కెమెరా చూపిస్తుంది గానీ, ఆ కాలు ఏడాది తర్వాత ఏం చేయగలుగుతోందో చూపించదు.

ఇది మనకు పరాయి గొడవేమీ కాదు. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా పొడవు పెరిగే ఆపరేషన్ చేయించుకున్నప్పుడు టీవీ చానళ్లు హోరెత్తాయి. అప్పుడు చర్చంతా తల్లిదండ్రులకు ఎందుకు చెప్పలేదన్న దాని చుట్టూనే తిరిగింది. మైనారిటీ తీరిన మనిషి అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలా అన్నది కాదు ప్రశ్న. అతనికి ఎంత చెప్పారు, ఎలా చెప్పారు అన్నది.

దీనికి మన చట్టంలో ఒక ఆధారం ఉంది, ఒక ఖాళీ కూడా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు రోగికి చెప్పాకే సమ్మతి తీసుకోవాలని తేల్చింది. అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదని కూడా అంది. భయపడిపోయి అవసరమైన చికిత్సకు రోగి ఒప్పుకోకపోవచ్చన్నది అందుకు చూపిన కారణం. గుండె ఆపరేషన్‌కో కాన్సర్‌కో అయితే ఈ తర్కం నిలుస్తుంది. పిక్కలు సన్నబరిచే చోట అవసరమైన చికిత్సే లేదు. భయపడి మానేస్తే రోగికి పోయేదేమీ లేదు, నష్టం ఏమైనా ఉంటే క్లినిక్‌కే. కాబట్టి అందం కోసం చేసే సర్జరీల్లో సమ్మతి నియమం తిరగబడాలి. ఎంత అరుదైన ప్రమాదమైనా సరే, చెప్పి తీరాలి.

ఆపరేషన్ మాట ఎత్తకముందే చూడాల్సినదీ ఒకటుంది. ఒక్క కాలి పిక్కే లావైతే ముందు కాస్మెటిక్ క్లినిక్ గడప తొక్కకూడదు. సిరలో గడ్డ కావచ్చు, నడుములో నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, కండరాల జబ్బు కావచ్చు. రెండు కాళ్లూ మొదటి నుంచీ అలాగే ఉంటే అది చాలావరకు వంశం ఇచ్చిన నిర్మాణమే. అకిలిస్ టెండన్ పొట్టిగా ఉన్నవాళ్లకు కండ కిందిదాకా దిగి పిక్క బొద్దుగా కనిపిస్తుంది, పొడవుగా ఉన్నవాళ్లకు పైనే ఆగిపోతుంది. మసాజులు, క్రీములు టెండన్ పొడవును మార్చలేవు.

క్లినిక్‌లు చూపించే ఫొటోలన్నీ నిలబడ్డ కాళ్లవే, కొలతలన్నీ టేపుతో తీసినవే. కదలికను కొలవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఫిజియోథెరపిస్టుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తుతూ దించుతూ ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెడతారు. సుమారు 25 సార్లు చేయగలిగితే బలం మామూలుగా ఉన్నట్టు లెక్క. ఆపరేషన్‌కు ముందు ఎన్ని, ఆరు నెలలకు ఎన్ని, ఏడాదికి ఎన్ని అన్నది కేస్ షీట్‌లో చుట్టుకొలత పక్కనే రాయమని అడగాలి. ఇంతకు ముందు చేయించుకున్నవాళ్ల అంకెలు కూడా, పేర్లు లేకుండా, చూపించమనాలి. అవి లేవన్న చోట సమ్మతి పత్రం మీద సంతకం పెట్టనక్కర్లేదు.