యూనివర్సిటీల చట్టం రాసేది అసెంబ్లీనే: తెగ తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

విజయవాడ, గుంటూరు పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మెడికల్ కౌన్సెలింగ్ రోజులు వచ్చినా, అసెంబ్లీ సమావేశాలు మొదలైనా మళ్లీ పైకి లేస్తుంది. అందులో ఉన్నది ఇదీ: “యూనివర్సిటీలకు బాస్ గవర్నర్. రూల్స్ పెట్టేదీ డబ్బులిచ్చేదీ యూజీసీ. అసెంబ్లీకి పేర్లు మార్చడం తప్ప వాటి మీద ఏ అధికారమూ లేదు. పేరు మారితే పాత సర్టిఫికెట్లు చెల్లవు, వెంటనే కొత్తవి తీసుకోండి. మిగతా బిల్లులతో స్టూడెంట్స్‌కి పని లేదు.”

ఈ ఐదు మాటల్లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గురించి చెప్పింది సగం నిజం. మిగతావి తప్పు. ఎవరో ఏదో రాశారులే అని వదిలేద్దామంటే కుదరడం లేదు. సర్టిఫికెట్ల మాట చదివి కంగారుపడి ఎవరికి పడితే వాళ్లకు డబ్బు కట్టడానికి సిద్ధపడేవాళ్లు ఉన్నారు. చివరి మాట నమ్మి, తమ పిల్లల చదువునే మార్చే బిల్లు వచ్చినా కన్నెత్తి చూడనివాళ్లు ఇంకా ఎక్కువమంది. అందుకే ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

“యూనివర్సిటీలకు బాస్ గవర్నర్.”

మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు గవర్నర్ చాన్సలర్‌గా, అంటే అధిపతిగా, ఉన్న మాట నిజమే. అయితే ఆ పదవి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? రాజ్యాంగం మొత్తం వెతికినా గవర్నరే చాన్సలర్ అని ఎక్కడా కనిపించదు. ఆ పదవి ఇచ్చింది అసెంబ్లీ చేసిన చట్టం. నాగార్జున, కృష్ణా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలు నడిచేది 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద. రోజువారీ పాలన నడిపే వైస్ చాన్సలర్‌ని ఎలా ఎంపిక చెయ్యాలో కూడా ఆ చట్టమే చెబుతుంది. పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో యూనివర్సిటీ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (పాలక మండలి) తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒకరు ఉంటారు. వాళ్లు పంపిన పేర్లలోంచే చాన్సలర్ ఒకరిని నియమించాలి. అంతేగానీ తనకు నచ్చినవాళ్లను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టే అధికారం ఆయనకు లేదు.

చట్టం వేరేలా రాస్తే చాన్సలర్ కూడా వేరేవాళ్లే అవుతారు. దీనికి రుజువు విజయవాడకు దగ్గర్లోనే ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ ఏ యూనివర్సిటీ కింద నడుస్తుందో ఆ ఆర్జీయూకేటీకి (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) 2008లో ప్రత్యేక చట్టం చేశారు. దాని తొలి చాన్సలర్ గవర్నర్ కాదు, ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి. ఒకే అసెంబ్లీ ఒక చట్టంలో ఒకలా, ఇంకో చట్టంలో మరోలా రాసుకుంది. కేరళ, పశ్చిమ బెంగాల్ అసెంబ్లీలు 2022లో గవర్నర్‌ని చాన్సలర్ పదవి నుంచి తప్పించే బిల్లులు ఆమోదించాయి. ఆ ఆలోచన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. చాన్సలర్ కుర్చీని ఎవరికి ఇవ్వాలన్నది చట్టసభ ముందుకు వచ్చే ప్రశ్నే అని చూపడానికి ఈ బిల్లులు చాలు.

గవర్నర్‌కి ఇంకో పాత్ర ఉంది. బిల్లు మీద సంతకం ఆయనదే. రాజ్యాంగం 200వ అధికరణం ప్రకారం బిల్లును ఆమోదించవచ్చు, ఆపవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతికి నివేదించవచ్చు. తమిళనాడులో పెద్ద గొడవ అయింది దీని మీదే. అక్కడ ఆగిపోయిన పది బిల్లుల్లో ఎక్కువ భాగం యూనివర్సిటీలవే. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి ఆ బిల్లులు ఆమోదం పొందినట్టే లెక్క అని తీర్పు ఇచ్చింది. తర్వాత రాష్ట్రపతి సలహా కోరితే, 2025 నవంబర్ 20న ఐదుగురు జడ్జీల బెంచి, గవర్నర్‌కి కోర్టులు గడువు పెట్టలేవని, ఆమోదించినట్టే అనుకోవడం కుదరదని చెప్పింది. కారణం లేకుండా ఏళ్ల తరబడి బిల్లు మీద కూర్చోవడం కూడా తగదని అదే అభిప్రాయంలో ఉంది. కాబట్టి గవర్నర్ చేతిలో ఏమీ లేదని నేను అనడం లేదు. ఆయన బిల్లును ఆలస్యం చెయ్యగలరు. యూనివర్సిటీ చట్టాన్ని రాయలేరు.

“రూల్స్ పెట్టేదీ డబ్బులిచ్చేదీ యూజీసీ.”

సగం నిజం అన్నది ఇదే. ఉన్నత విద్యలో ప్రమాణాలు నిర్ణయించడం, సమన్వయం చెయ్యడం రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో (కేంద్రం చట్టాలు చేసే అంశాల పట్టికలో) 66వ అంశం. ఆ అధికారంతోనే 1956లో యూజీసీ చట్టం వచ్చింది. వైస్ చాన్సలర్ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం ఉండాలన్నది యూజీసీ నిబంధన. రాష్ట్ర చట్టం అలా అడగకపోయినా అది తప్పదని సుప్రీంకోర్టు 2022 మార్చిలో గుజరాత్‌లోని సర్దార్ పటేల్ యూనివర్సిటీ కేసులో తేల్చి, అక్కడి వైస్ చాన్సలర్ నియామకాన్ని కొట్టేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో కేరళ టెక్నలాజికల్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌కీ అదే జరిగింది. అసెంబ్లీ ఏదైనా చెయ్యగలదు అనుకునేవాళ్లు ఈ రెండు తీర్పులు గుర్తుంచుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌ని కూడా మరిచిపోకూడదు. 2002లో అక్కడ చేసిన చట్టంతో వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి, చాలావాటికి భవనాలు కూడా లేవు. శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ కోర్టుకి వెళ్లారు. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసింది.

ఇక రెండో సగం. యూజీసీ యూనివర్సిటీని పుట్టించదు. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి ఉందో యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది: కేంద్ర చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో ఏర్పడిన యూనివర్సిటీకి, డీమ్డ్ యూనివర్సిటీకి (కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థకి), పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థకి. అంటే నాగార్జున యూనివర్సిటీ ఇచ్చే ప్రతి పట్టా వెనక మొదట ఉన్నది రాష్ట్ర చట్టం. యూనివర్సిటీల స్థాపన, నియంత్రణ, రద్దు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. విద్య అన్న విషయం 42వ రాజ్యాంగ సవరణతో 1977 నుంచి కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చెయ్యగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది గానీ, ఈ 32వ అంశం రాష్ట్రం దగ్గరే ఉంది.

డబ్బుల మాటకొస్తే, రెగ్యులర్ అధ్యాపకుల జీతాలు, పెన్షన్లు ప్రధానంగా నడిచేది రాష్ట్ర బడ్జెట్‌లో ఏకమొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్‌తో, దానికి తోడు యూనివర్సిటీ వసూలు చేసుకునే ఫీజులతో. యూజీసీ ఇచ్చేవి పథకాలకు, పరిశోధనకు, ఫెలోషిప్‌లకు. బడ్జెట్ పాస్ చేసేది అసెంబ్లీ అని వేరే చెప్పనక్కర్లేదు.

“పేర్లు మార్చడం తప్ప ఏ అధికారమూ లేదు.”

బెజవాడ వాళ్లు ఈ మాట అనకూడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మద్రాసు శాసన మండలి చేసిన చట్టంతో పుట్టింది, మొదట దాని కేంద్రం బెజవాడే. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి వైస్ చాన్సలర్. యూనివర్సిటీ ఎక్కడ ఉండాలన్నదాని మీద బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం పేర్లతో పెద్ద వాదనే నడిచింది. చివరికి 1930లో అది విశాఖలోని వాల్తేరుకి వెళ్లిపోయింది. ఈ ప్రాంతానికి సొంత యూనివర్సిటీ రావడానికి చాలా కాలం పట్టింది. 1967లో గుంటూరులో ఆంధ్ర యూనివర్సిటీ పీజీ సెంటర్ పెట్టారు, 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయం అయింది.

అంత వెనక్కి పోనక్కర్లేదు. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా యూనివర్సిటీ వచ్చింది. అంతవరకు నాగార్జున కింద ఉన్న కృష్ణా జిల్లా కాలేజీలు దాని కిందకి వెళ్లాయి. మాచవరం ఎస్సార్ఆర్ కాలేజీలో చదివే కుర్రాడికి దీని అర్థం ఏమిటో చూడండి. నాగార్జున యూనివర్సిటీ ఉండే నాగార్జున నగర్ గుంటూరు రోడ్డు మీద, బెజవాడకి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కుర్రాడికి మైగ్రేషన్ సర్టిఫికెట్‌లో తేడా వస్తే మాత్రం నెహ్రూ బస్టాండులో బందరు బస్సు ఎక్కి, సుమారు డెబ్బై కిలోమీటర్లు వెళ్లి, యూనివర్సిటీ కౌంటర్ ముందు నిలబడి, మధ్యాహ్నం లంచ్ టైమ్ అయ్యేదాకా ఆగి, సాయంత్రానికి తిరిగి రావాలి. బందరు వాళ్లకి ఇది మేలు, ఎందుకంటే అంతకుముందు ఆ తిరుగుడంతా వాళ్లది. ఎవరికి మేలు, ఎవరికి ఇబ్బంది అని లెక్క వేసుకోవాల్సింది బిల్లు దశలోనే. ప్రకాశం జిల్లాకీ అదే కథ, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఏర్పడింది.

ఒక మినహాయింపు చెప్పాలి. అడ్మిషన్లలో 85 శాతం సీట్లు స్థానికులకు అన్న నియమం అసెంబ్లీది కాదు. అది రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుది. గుంటూరు విద్యార్థి నాగార్జున పరిధిలో చదివినా ఆ లెక్కలో “ఆంధ్ర యూనివర్సిటీ ప్రాంతం” స్థానికుడే అవుతాడు. దీన్ని మార్చమని ఎమ్మెల్యే ఇంటి ముందు ధర్నా చేస్తే పని జరగదు.

“పేరు మారితే పాత సర్టిఫికెట్లు చెల్లవు.”

నాకు ఎక్కువ కోపం తెప్పించిన మాట ఇదే, ఎందుకంటే పిల్లలను భయపెడుతోంది. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ 1986లో చట్టం ద్వారా ఏర్పడింది. తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022 సెప్టెంబర్‌లో అసెంబ్లీ దాన్ని వైఎస్సార్ పేరుకి మార్చింది. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది.

మా వీధిలో ఎంబీబీఎస్ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఉంది, 2020 బ్యాచ్. ఆమె ఫైలులో మార్కుల మెమోలు వరసగా పేర్చి చూపించింది. ఫస్టియర్ మెమో మీద ఎన్టీఆర్ పేరు, మధ్య మెమోల మీద వైఎస్సార్ పేరు, ఫైనలియర్ మీద మళ్లీ ఎన్టీఆర్ పేరు. హాల్ టికెట్ నంబరు ఒకటే, కాలేజీ ఒకటే. ఈ మెసేజ్ చూసి వాళ్ల అమ్మగారికి రెండు రోజులు ఒకటే టెన్షన్.

చట్టం ప్రకారం యూనివర్సిటీ ఒక శాశ్వత సంస్థ. దానికి సొంత ముద్ర ఉంటుంది, ఆస్తులు ఉంటాయి, తన పేరు మీద కోర్టులో కేసు వెయ్యగలదు. పేరు మార్చే సవరణ ఆ సంస్థను రద్దు చెయ్యదు, పాత పేరు ఉన్నచోట కొత్త పేరు చేరుస్తుంది, అంతే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్ చెల్లకుండా పోతుందా? అసలు యూనివర్సిటీయే మారిపోయినా డిగ్రీ పోదు. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైనప్పుడు ఆంధ్ర యూనివర్సిటీ కింద ఉండేది. ఆ రోజుల్లో చదివిన డాక్టర్ల పట్టాలు కొత్తపేట పాత నర్సింగ్ హోముల గోడల మీద ఫ్రేముల్లో ఉండేవి. ఆ పట్టాలతోనే వాళ్లు జీవితాంతం ప్రాక్టీస్ చేశారు.

అయితే ఇబ్బంది అసలు లేదని చెప్పను. విదేశాలకు దరఖాస్తు చేసేటప్పుడు రెండు పేర్లు చూసి అక్కడి వాళ్లు ప్రశ్న అడగవచ్చు. అడిగితే పేరు మార్పు గెజిట్ కాపీ, రెండు పేర్లూ ఒకే యూనివర్సిటీవని ధ్రువీకరించే లెటర్ జత చెయ్యాలి. ఆ కాగితాల కోసం తిరిగేది బిల్లు పెట్టినవాళ్లు కాదు, పిల్లలే. ఏ పార్టీ పేరు మార్చినా నా అభ్యంతరం ఒక్కటే: ఆ బిల్లుతో పాటే, విద్యార్థికి ఉచితంగా ఆ లెటర్ ఇస్తామని ఒక మాట ఎందుకు రాయరు?

“మిగతా బిల్లులతో స్టూడెంట్స్‌కి పని లేదు.”

పైన చెప్పినవాటిలో వైస్ చాన్సలర్ ఎంపిక, కాలేజీ ఏ యూనివర్సిటీ కిందకి వస్తుంది, మెమో మీద ఏ పేరు ఉంటుంది, అన్నీ బిల్లులతోనే మారాయి. ప్రైవేటు యూనివర్సిటీలు అమరావతి చుట్టూ వచ్చింది కూడా 2016లో చేసిన చట్టంతోనే. ఈసారి యూనివర్సిటీల సవరణ బిల్లు అని పేపర్లో చూస్తే, హెడ్డింగ్‌తో ఆగకండి. ఏ సెక్షన్ మారుస్తున్నారో చూడండి. సెర్చ్ కమిటీ సెక్షన్ అయితే రేపటి వైస్ చాన్సలర్ గురించి. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సెక్షన్ అయితే నిర్ణయాలు తీసుకునే సభ్యుల గురించి. షెడ్యూల్‌లో జిల్లాల పేర్లు కదిలితే మీ కాలేజీ గురించి. బిల్లు చివర ఉద్దేశాలు, కారణాలు అని ఒక పేజీ ఉంటుంది, ముందు అది చదవండి. నచ్చకపోతే సభలో చర్చ జరిగేలోపే మీ ఎమ్మెల్యేకి, మీ ఎమ్మెల్సీకి రాయండి. గుంటూరు, కృష్ణా జిల్లాల పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు మండలిలో విడిగా ప్రతినిధులు ఉన్నారు.