ప్లానింగ్ గ్రాంటు గారికి, మోకాలిలోతు నీళ్లలోంచి

గౌరవనీయులైన ప్లానింగ్ గ్రాంటు గారికి,

నమస్కారాలతో రాయునది. మేమంతా ఇక్కడ తడిగా ఉన్నాము. తమరు అక్కడ పొడిగా, క్షేమంగా ఉన్నారని తలుస్తాము.

ఈ మధ్యాహ్నం మీ కార్యాలయంలో మూడు గంటలు కూర్చుంటే చేతికందిన జవాబు మూడు వాక్యాలు. గంటకొకటి చొప్పున పడింది. మొదటి వాక్యంలో మా కమిటీ చొరవను మెచ్చుకున్నారు. రెండో వాక్యంలో, మేం జతచేసిన ముంపు నివారణ ప్రణాళికకు ఆమోదం వచ్చి ఐదేళ్లు దాటినందున మా రోడ్డు కింద కల్వర్టు నిర్మాణానికి నిధులు పరిశీలించలేమన్నారు. మూడో వాక్యంలో దారి కూడా చూపించారు. ప్రణాళికను తిరగరాయించుకోవడానికి, ప్లాన్లు రాయడానికే డబ్బిచ్చే ప్లానింగ్ గ్రాంటుకు, అంటే తమరికే, దరఖాస్తు పెట్టుకోవచ్చట.

ఐదేళ్లు దాటి ఎన్నాళ్లయిందో బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని లెక్క చూశాను. పదకొండు రోజులు. నిర్మాణం కోసం మేం పెట్టిన దరఖాస్తు అదే కార్యాలయంలో పడుకున్నది పద్నాలుగు నెలలు. మా ప్లాను మీ బీరువాలోనే ముసలిదై, మీ బీరువాలోనే పోయింది. పోయిందని కబురు మాత్రం మాకు పంపారు.

ఐదేళ్ల నిబంధన తమరొక్కరిదే కాదని తెలుసు. అమెరికాలో కూడా స్థానిక విపత్తు ఉపశమన ప్రణాళికలను ఐదేళ్లకోసారి సవరించి ఆమోదం తెచ్చుకోకపోతే నిర్మాణ గ్రాంట్లకు అర్హత పోతుంది. అందులో న్యాయం లేదనను. వాతావరణం మారుతున్నప్పుడు పాత లెక్కల మీద కొత్త కాలువలు కట్టకూడదు. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని, పట్టుకున్నదంతా ఒక్కపెట్టున కుమ్మరించగలదని మీ మొదటి ప్లాను ముందుమాటలోనే చదువుకున్నాను. గతంలో కురిసినట్టే ఇకముందూ కురుస్తుందనే నమ్మకానికి కాలం చెల్లిందని 2008లోనే జలశాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో తేల్చి చెప్పారు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ మా రోడ్డు కింద ఉన్న పైపు మాత్రం ఆ శాస్త్రం ఏదీ చదవలేదండీ. అది 600 మిల్లీమీటర్ల పైపు. మొదటి ప్లాను నాటికి 600. రెండో ప్లాను నాటికి 600. మూడో ప్లాను నాటికి కూడా 600, కాకపోతే అప్పటికి సగం పూడిపోయింది.

అవును, మూడు ప్లాన్లు. పదిహేనేళ్లకు పైగా. తమరికి గుర్తుండకపోవచ్చు.

మొదటి ప్లానులో 43వ పేజీలో ఆ కల్వర్టుకు ‘అత్యధిక ప్రాధాన్యం’ ఇచ్చారు. 600 తీసేసి 1200 పైపు వేయాలన్నారు. ఆ ప్లాను రాసిన కన్సల్టెంటు నాకు విడమరిచి చెప్పిన సంగతి ఇంకా మరిచిపోలేదు. వాలు అదే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే నిండుగా పారే నీళ్లు రెట్టింపు కావు, ఆరు రెట్లు దాటుతాయి. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్రపట్టలేదు. రెండో ప్లానులో 61వ పేజీలో అదే కల్వర్టు, అదే ప్రాధాన్యం, అదే 1200, ‘అయితే సమగ్ర అధ్యయనం అవసరం’ అనే తోక అదనం. మూడో ప్లానులో 88వ పేజీ. పైపా, పెట్టె ఆకారపు కట్టడమా అన్నది ‘తదుపరి దశలో నిర్ణయించాలి’. ప్లాను లావెక్కేకొద్దీ మా కల్వర్టు వెనక పేజీలకు కొట్టుకుపోతోంది.

ఇంకో విషయం. మూడింటిలోనూ ఒకటే ఫొటో. గోధుమరంగు నీళ్లు, వెనకాల మునిగిన స్కూటరు, ముందు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచిన రెండు కాళ్లు. ఆ కాళ్లు నావి. తీసినప్పుడు నాకు ఎటువంటి నొప్పులూ లేవు. ఇప్పుడు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. నివేదికలో మాత్రం అవి ఇంకా కుర్రకాళ్లే. మూడోసారి ఆ ఫొటో కింద ‘స్థానిక సామర్థ్యం’ అని రాశారు. నా మోకాలి చిప్పలకు అంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇక తమరి సమావేశాలు. ప్రతి ప్లానుకీ మూడేసి ‘భాగస్వాముల సంప్రదింపులు’, ప్రతి దాంట్లోనూ రంగురంగుల చీటీలు. అందరం సమస్యలు రాసి గోడకు అంటించాలి. పదిహేనేళ్లుగా నేను ఒకే చీటీ అంటిస్తున్నాను. కొన్నేళ్లుగా ఆ తర్వాత డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ స్లయిడ్ వస్తుంది. కన్సల్టెంటు మారినా ఆ స్లయిడ్ మారదు. 2011 జూలై 2న ఆ నగరం మీద కుంభవృష్టి విరుచుకుపడింది, వీధులు కాలువలయ్యాయి. 2012లో కుంభవృష్టి ప్రణాళిక తయారైంది, దాదాపు 300 పనులు, ఇరవయ్యేళ్ల కార్యక్రమం. ఎంగవే పార్కును తవ్వి, వాన వచ్చినప్పుడు 22 వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు ఆపేలా మార్చారు. మామూలు రోజుల్లో అందులో పిల్లలు ఆడుకుంటారు. చూడటానికి ఎంత బాగుంటుందో! మూడోసారి చూసినప్పుడు చెయ్యెత్తి అడిగాను, ‘వాళ్లకు ఆ పార్కు తవ్వడానికి డబ్బెక్కడిదండీ?’ అని. పన్నులు, నీటి ఛార్జీలు కలిపి నిధులు ముందే కట్టుదిట్టం చేసుకున్నారన్న సంగతి తర్వాతి స్లయిడ్‌లో ఉండాలి. తర్వాతి స్లయిడ్ ‘ధన్యవాదాలు’.

చిన్న చిన్న విషయాలు కూడా తమ దృష్టికి తెస్తాను, విసుక్కోకండి. పోర్టల్ ఇరవై నిమిషాలకు సెషన్ మూసేస్తుంది, మ్యాపు అప్‌లోడ్ కావడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. ముందు మేం ఖర్చుపెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత తమరు ఇస్తారట. ఖర్చుపెట్టడానికి ఉంటే తమరి గుమ్మం ఎందుకు తొక్కుతాం? స్థానిక వాటా కూడా చూపాలట. ఇక దరఖాస్తు రాయడానికే ఒక ఇంజినీరు, ఒక మ్యాపుల మనిషి, ఒక అకౌంటెంటు కావాలి. వాళ్లంతా ఉన్న ఊళ్లకు తమరి సాయం దొరుకుతుంది. లేని ఊళ్లకు ‘సామర్థ్య లోపం’ అని మార్కులు తగ్గుతాయి.

లాభానికీ ఖర్చుకూ మధ్య నిష్పత్తి సంగతి మాత్రం చిన్నదిగా తీసిపారేయలేను. ముంపు తప్పితే ఎంత ఆస్తి నష్టం తప్పుతుందో అదే లాభమని మీ గణితం. మేడకు నీళ్లు తగిలితే పెద్ద నష్టం, రేకుల ఇంటికి తగిలితే చిన్న నష్టం. కాబట్టి రేకుల ఇళ్లవాళ్లు మునగడమే చవక. ఈ మాట ఎవరూ నోటితో అనలేదు. పట్టికలో, కుడివైపు చివరి గడిలో, 0.74 అని మర్యాదగా ఉంది. ఒకటి దాటాలట.

ఇక్కడి నుంచి ‘నువ్వు’ అంటాను. ఇంతకాలం పరిచయమున్న వాళ్లను పిలిచినట్టే.

నీ దగ్గరికొచ్చిన ప్రతిసారీ స్కాన్ తీస్తావు. ఎముక విరిగిందని రంగుల్లో చూపిస్తావు. కట్టు కట్టమంటే అది వేరే విభాగం అంటావు. ఆ విభాగానికి వెళ్తే స్కాన్ పాతదైపోయింది, మళ్లీ తీయించుకుని రమ్మంటుంది. మా కాలు అలాగే వేలాడుతూ ఉంటుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నువ్వు ఆ సోమలింగం పేరును ఐదేళ్లకోసారి సవరించే పనికి పిలిచి డబ్బిస్తున్నావు. మా వీధివాళ్లు మూడు ప్లాన్ల ఖర్చు కూడి చూశారు. పైపు వేసి, పైన రోడ్డు పోసి, ఇంకా మిగిలేది. సిగ్గుగా లేదా నీకు?

ఇది ఒక్క మా వీధి బాధ అయితే నా కర్మ అనుకునేవాణ్ని. దేశాలకే ఇదే తంతు. 2010లో మెక్సికోలోని కాన్‌కూన్‌లో, వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు సాయం చేసే హరిత వాతావరణ నిధికి అంగీకారం కుదిరింది. మారే వాతావరణానికి తగ్గట్టు ఎలా సర్దుకోవాలో చెప్పే జాతీయ అనుసరణ ప్రణాళిక రాసుకోవడానికి ఆ నిధి ఒక్కో దేశానికి 30 లక్షల డాలర్ల దాకా ఇస్తుంది. మంచిదే. రాసుకున్నాక కట్టుకోవడానికి మళ్లీ వేరే క్యూ. వర్ధమాన దేశాలకు ఆ మార్పును తట్టుకునే ఏర్పాట్ల కోసం కావలసిన సొమ్ము, అంతర్జాతీయంగా ప్రభుత్వాల నుంచి అందుతున్నదానికి పది రెట్లకు పైనే అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఇటీవలి లెక్కలు చెబుతున్నాయి. అంటే లోకం నిండా 88వ పేజీలే. ప్రతి 88వ పేజీలోనూ ఎవరివో కాళ్లు.

మా పక్కింటాయనకు ఇదంతా చెబితే నవ్వాడు. ‘వందేళ్లకోసారి వచ్చే వరద అన్నారుగా, మొన్న వచ్చేసింది. ఇక మన మునిమనవళ్ల తలనొప్పి’ అన్నాడు. ఆయన తప్పు కాదు. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా 1 శాతం అవకాశమని, ముప్ఫయ్యేళ్ల ఇంటి అప్పు తీరేలోపు దాని మొహం చూసే అవకాశం దాదాపు 26 శాతమని నివేదిక అనుబంధంలో ఎక్కడో ఉంది. అదీ వాతావరణం కదలకుండా కూర్చుంటే. అనుబంధాలు చదివేది నాలాంటి పనిలేనివాళ్లే.

తిట్టాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. మొదటి ప్లానప్పుడు ఒక అమ్మాయి వచ్చింది, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరు. లెవెల్ మిషనూ, గీతల కర్రా మోసుకుని గడపగడపకూ తిరిగింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయమ్మా అని అడిగితే ముసలమ్మలు గోడ మీద చెయ్యి ఆనించి చూపించారు. ఆ చేతుల ఎత్తులన్నీ కొలిచి మ్యాపు గీసింది. ఏ సందు ముందు మునుగుతుందో, ఏ సందు చివరిదాకా పొడిగా ఉంటుందో అంతకుముందు మాకు అంచనాయే గాని లెక్క లేదు. తర్వాత రెండేళ్లకు ఒక రాత్రి కురిసినప్పుడు, మంచం పట్టిన మనుషుల్ని ఎటువైపు నుంచి మోసుకెళ్లాలో ఆ మ్యాపే చెప్పింది. దాని జిరాక్సు కాపీలు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో క్యాలెండరు పక్కన వేలాడుతున్నాయి. ఆ అమ్మాయి జీతం నువ్వే ఇచ్చావు. అది నేను మరిచిపోను.

నువ్వూ చిరంజీవివి కావని కూడా తెలుసు. అమెరికాలో 2018 చట్టంతో పుట్టిన అలాంటి గ్రాంటునే 2025 ఏప్రిల్లో ఆపేస్తున్నామని ప్రకటించారు. రాష్ట్రాలు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నీ మీద జాలేసింది. పైపుకు డబ్బివ్వనివాళ్లు రేపు కొలతకు కూడా ఇవ్వకపోతే, ఆ కర్ర పట్టుకుని మళ్లీ ఎవరొస్తారు?

అందుకే దరఖాస్తు పెడుతున్నాను. నాలుగోది. ఇందాక మీ వాళ్లు ఫోన్ చేశారు, పాత ఫొటో రిజల్యూషన్ చాలదట, కొత్తది కావాలట. తీయించడం కష్టం కాలేదు. నిన్న సాయంత్రం ఒక్క గంట కురిసింది.

ఇట్లు,
43వ పేజీ, 61వ పేజీ, 88వ పేజీ

జతపరచినవి: గడువు తీరిన ప్లాన్లు మూడు. ఫొటో ఒకటి, ఇవాళ్టిది. కాళ్లు అవే.