శాశ్వతం అంటే ఏమిటో రాయండి

2022 మే 14, శనివారం మధ్యాహ్నం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బఫెలో నగరం, జెఫర్సన్ అవెన్యూలోని టాప్స్ సూపర్ మార్కెట్. సరుకులు కొనుక్కోవడానికి వచ్చిన నల్లజాతి ప్రజల మీద 18 ఏళ్ల యువకుడు రైఫిల్ ఎక్కుపెట్టాడు. నిమిషాల వ్యవధిలో పది మంది చనిపోయారు. ఆ రైఫిల్ దొంగసరుకు కాదు. న్యూయార్క్‌లోనే, లైసెన్సు ఉన్న షాపులో, చట్టప్రకారం కొన్నది. షాపువాళ్లు అమ్మగలిగారంటే కారణం దానికి బిగించి ఉన్న ఒక చిన్న తాళం. పది తూటాలు పట్టే మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, ఊడి రాకుండా పట్టి ఉంచడం దాని పని. అది ఉన్నంతసేపూ ఆ రైఫిల్ ఆ రాష్ట్ర చట్టం కళ్లకు నిషిద్ధ ఆయుధంగా కనిపించదు. కుర్రాడు దాన్ని ఇంటికి తెచ్చుకుని తాళం ఊడదీశాడు. 30 తూటాలు పట్టే మ్యాగజైన్లు తగిలించాడు. ఆ తర్వాత ఏం జరిగిందో లోకమంతా చూసింది.

ఆ తాళం గురించే మేము మాట్లాడదలిచాం. మరుసటి ఏడాది న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ ఆ తాళం తయారుచేసిన కంపెనీ మీద కేసు వేశారు. తాళం ఎలా తీయాలో ప్యాకెట్ వెనకే అచ్చువేశారన్నది ఆమె ఆరోపణల్లో ఒకటి. 2025లో ఆ కంపెనీ 17.5 లక్షల డాలర్లు చెల్లించడానికి, న్యూయార్క్‌లో ఆ సరుకు అమ్మకం ఆపడానికి ఒప్పుకుంది. పది ప్రాణాలు పోయి మూడేళ్లు గడిచాక!

మ్యాగజైన్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అరచేతిలో పట్టే రేకు డబ్బా లేదా ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక స్ప్రింగు, దాని మీద తూటాలను పైకి నెట్టే చిన్న పలక, అడుగున ఒక మూత. శుభ్రం చేసుకోవడానికి వీలుగా చాలావాటికి ఆ మూత ఊడి వస్తుంది. ముప్పై పట్టే డబ్బాలో అడ్డు పెడితే పదే పడతాయి. ఆ అడ్డు తీసేస్తే మళ్లీ ముప్పై. ఇంత చిన్న వస్తువు చుట్టూ పదికి పైగా రాష్ట్రాల చట్టాలు, పాతికేళ్ల కోర్టు తగాదాలు తిరుగుతున్నాయి.

అసలు ఈ లెక్క ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. చంపాలనుకున్నవాడికి పది అయితేనేం, ముప్పై అయితేనేం, మారుస్తూ కాలుస్తాడు కదా అంటారు. 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ ఓ సూపర్ మార్కెట్ ముందు ప్రజలతో మాట్లాడుతుంటే ఒకడు 33 తూటాల మ్యాగజైన్ ఉన్న పిస్టల్‌తో కాల్పులు జరిపాడు. అది ఖాళీ అయి, కొత్తది ఎక్కించబోయి తడబడిన ఆ రెండు క్షణాల్లోనే జనం మీదపడి పట్టుకున్నారు. ఒక మహిళ ఆ రెండో మ్యాగజైన్‌ను వాడి చేతికి దక్కకుండా లాక్కున్నారు. అప్పటికే ఆరుగురు పోయారు. వారిలో తొమ్మిదేళ్ల పాప ఉంది. గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ 2013లో సెనేట్ కమిటీ ముందు చెప్పిన మాట మమ్మల్ని ఇప్పటికీ వదలదు. ఆ పాపకు తగిలింది పదమూడో తూటా. ఆ తుపాకీలో పదే ఉండి ఉంటే? ఈ ప్రశ్నకు తుపాకీ లాబీ దగ్గర సూటైన జవాబు మేము ఇంతవరకు వినలేదు.

1994లో దేశమంతటికీ వర్తించేలా కొత్త మ్యాగజైన్లకు పది తూటాల పరిమితి వచ్చింది. పదేళ్ల గడువు తీరి 2004 సెప్టెంబరులో అది రద్దయిపోయింది. అప్పటి నుంచి ఏ రాష్ట్రం దారి దానిదే. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, వాషింగ్టన్‌లలో పది. కొలరాడోలో పదిహేను. డెలావేర్‌లో పదిహేడు. ఇల్లినాయ్‌లో రైఫిల్‌కు పది, పిస్టల్‌కు పదిహేను. టెక్సాస్‌లో లెక్కే లేదు.

అంకెల్లో తేడాలు ఎలాగోలా గుర్తుపెట్టుకోవచ్చు. తంటా అంతా మాటల దగ్గర వస్తోంది. పదికి మించి పట్టకుండా ‘శాశ్వతంగా మార్చిన’ మ్యాగజైన్ నిషేధం కిందకు రాదని కాలిఫోర్నియా చట్టం అంటుంది. ఏది శాశ్వతం? రివెట్ కొడితే సరిపోతుందా, ఎపాక్సీ జిగురు పోస్తే సరిపోతుందా, వెల్డింగే చేయించాలా? చట్టం చెప్పదు. న్యూయార్క్ చట్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. పదికి మించి పట్టేలా ‘సులువుగా తిరిగి మార్చగలిగినది’ నిషిద్ధం అంటుంది. సులువు ఎవరికి? పనిముట్లు పట్టడం తెలిసినవాడికా, తెలియనివాడికా? కొలరాడోలో 2013లో చట్టం వచ్చినప్పుడు, అడుగు మూత ఊడి వచ్చే ప్రతి మ్యాగజైనూ నేరమేనా అని జనం టెన్షన్ పడ్డారు. మూత ఊడి వచ్చినంత మాత్రాన నిషిద్ధం కాదని అటార్నీ జనరల్ ఉత్తరం రాసి వివరణ ఇవ్వాల్సి వచ్చింది. చట్టంలోనే ఉండాల్సిన వాక్యం ఆ ఉత్తరంలోకి చేరింది.

తుపాకీ యజమానుల ఫిర్యాదులో ఇక్కడ న్యాయం ఉంది, మేము కాదనం. 2018లో న్యూజెర్సీ తన పరిమితిని పదిహేను నుంచి పదికి తగ్గించి, 180 రోజుల్లో మార్పించుకోండి, లేదా అప్పగించండి, లేదా వదిలించుకోండి అంది. దాటితే నాలుగో తరగతి నేరం, 18 నెలల వరకు జైలు. ఆ మార్పు నిజాయితీగా చేయించుకున్న మనిషికి కూడా, రేపు పోలీసు తనిఖీలో ‘ఇది శాశ్వతం కాదు’ అంటే చూపించుకోవడానికి కాగితం ఉండాలి కదా. బఫెలో హంతకుడికి ఆ బెంగ లేదు. చట్టంలోని మసక వల్ల నలిగేది చట్టానికి భయపడేవాడే.

మరి శాశ్వతం అనే మాటకు కచ్చితమైన అర్థం చెప్పడం సాధ్యం కాదా? సాధ్యమే. అమెరికా ప్రభుత్వం తుపాకీలోని మరో భాగానికి ఆ పని ఎప్పుడో చేసింది. రైఫిల్ గొట్టం కనీసం 16 అంగుళాలు ఉండాలన్నది ఫెడరల్ నియమం. పొట్టి గొట్టానికి చివర ఒక ముక్క తగిలించి పొడవు చూపించాలంటే, ఆ ముక్క శాశ్వతంగా అతకాలి. ఆయుధాల నియంత్రణ చూసే ఫెడరల్ బ్యూరో అతుకు ఎలా ఉండాలో విడమరిచి చెప్పింది. పూర్తి వెల్డింగ్ కావచ్చు, 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడి మీద వెండి టంకం కావచ్చు, లోపలికి పిన్ను దించి దాని తల మీద వెల్డ్ చేయడం కావచ్చు. మూడే దారులు. వాదన లేదు, ఊహాగానం లేదు. ఏ ఊరి కమ్మరి షెడ్డులోనైనా అర్థమయ్యే భాష అది. గొట్టానికి రాయగలిగిన మాట మ్యాగజైన్‌కు రాయలేరా?

రాయాలి. మ్యాగజైన్‌ను పగలగొడితే తప్ప తీయలేని మార్పే శాశ్వతమని, ఏ పద్ధతులు చెల్లుతాయో పేరు పేరునా చట్టంలోనే పెట్టాలి. పది తూటాల తాళమని, పరిమితి కిట్ అని పేరు పెట్టి సరుకు అమ్మే కంపెనీ ముందు దాన్ని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుకు ఇవ్వాలి. అక్కడ నిపుణుడు తీయగలిగితే అమ్మకానికి అనుమతి ఉండకూడదు. తన తుపాకీ చట్టానికి లోబడాలనుకున్న పౌరుడికి లైసెన్సున్న రిపేరు షాపులో ఉచితంగా మార్పించి, రశీదు ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఖర్చు రాష్ట్రాలు పెట్టుకోలేనంత పెద్దదేమీ కాదు.

కోర్టుల సంగతి వేరే పేజీ అవుతుంది. కాలిఫోర్నియాలో 2019 మార్చి చివర్లో శాన్‌డియెగో ఫెడరల్ జడ్జి రోజర్ బెనిటెజ్ నిషేధం చెల్లదన్నారు. తీర్పు అమల్లో ఉన్న ఆ ఒక్క వారంలో పెద్ద మ్యాగజైన్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. చివరికి 2025 మార్చిలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది జూన్‌లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని మ్యాగజైన్ నిషేధం మీద వచ్చిన కేసు వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అలాగని చట్టసభలు కోర్టుల వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. మాటకు అర్థం రాయడానికి ఏ జడ్జి అనుమతీ అవసరం లేదు.

ఇది మనకు దూరం సంగతి అనుకోలేం. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించడం చూస్తూ పెరిగినవాళ్లం మనం. అమెరికా వెళ్లాక ఆత్మరక్షణ కోసమని తుపాకీ కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజినీరు ఒకరు. అలాంటి వార్త విన్న ప్రతిసారీ ఆ భయం పెరుగుతుంది. భయాన్ని తప్పు పట్టలేం. అయితే డల్లాస్‌లో ఇబ్బంది లేకుండా కొన్న 15 తూటాల మ్యాగజైన్‌ను ఉద్యోగం మారి న్యూజెర్సీకో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేకో సామాన్లతో పాటు తీసుకెళితే అక్కడ అది నేరం. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేసే నిబంధన ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది.

కాబట్టి రాష్ట్రం మారేముందు తుపాకీ పెట్టె తెరిచి చూడండి. వాట్సాప్ గ్రూపులో ‘రివెట్ కొట్టిస్తే చాలు అన్నా’ అని ఎవరో చెప్పిన మాట నమ్మకండి. వెళ్లబోయే రాష్ట్రంలోని లాయర్‌ను అడగండి. సందేహం తీరకపోతే మ్యాగజైన్‌ను టెక్సాస్‌లోనే అమ్మేసి వెళ్లండి.