నీడ నడవాలా, గీత నిలవాలా?

చర్చకు పెట్టిన మాట ఇది: నీడగడియారాల అధ్యయనం, పరిరక్షణ కోసం ఏర్పడిన సంఘం తన డబ్బునీ శ్రమనీ అన్నిటికన్నా ముందు పాడైన పాత గడియారాలను మళ్ళీ సరైన వేళ చూపేలా చేయడానికి పెట్టాలి. మరమ్మతు పక్షం అవునంటుంది. ముందు నమోదు, ఆ తర్వాతే ఏదైనా అని నమోదు పక్షం అంటుంది.

మరమ్మతు పక్షం: శంకువు, అంటే నీడ వేసే కడ్డీ లేదా రేకు, విరిగిన నీడగడియారం ఇక గడియారం కాదండీ, గీతలున్న రాయి. దాన్ని కొలిచి, ఫోటో తీసి, పట్టికలో ‘శంకువు లేదు’ అని రాసుకుని వచ్చేస్తే చావును నమోదు చేసి వచ్చినట్టే. బ్రిటిష్ సన్‌డయల్ సొసైటీ 1989లో, నార్త్ అమెరికన్ సన్‌డయల్ సొసైటీ 1994లో ఏర్పడ్డాయి. రెండూ గడియారాల పట్టికలు కట్టాయి. ఆ పని విలువను నేను కాదనను. కానీ గోడ మీద నీడ మళ్ళీ కదిలితే, కింద నిలబడ్డ పిల్లవాడు చేతిగడియారం చూసుకుని ‘పదకొండు నిమిషాలు తేడా ఎందుకుంది?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న పట్టికలోంచి పుట్టదు. జైపూర్‌లోని పెద్ద నీడగడియారం సమ్రాట్ యంత్రం దగ్గర జనం ఎందుకు ఆగిపోతారు? దాదాపు 27 మీటర్ల ఎత్తున్న శంకువు నీడ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున కళ్ళముందే జరుగుతుంది గనక.

నమోదు పక్షం: ఆ పిల్లవాడికి చూపించే నీడ ఆ పలకదేనా అన్నది నా ప్రశ్న. తోటల్లో గద్దెల మీద నేలకు సమాంతరంగా ఉండే పడక పలకలను తీసుకోండి. పాత శంకువు పోయాక అంగట్లో దొరికిన ఇత్తడి త్రికోణం ఏదో బిగించేస్తారు. అది తరచుగా 45 డిగ్రీలది. పలక ఏ అక్షాంశానికి గీసిందో ఎవరూ చూడరు. చూడటం కష్టమా అంటే, కాదు. 12 గంటల గీత నుంచి 3 గంటల గీత ఎంత కోణంలో ఉందో కొలవాలి. ఆ కోణపు టాంజెంట్ ఎంతో, అక్షాంశపు సైన్ అంతే. 38 డిగ్రీలు వస్తే పలక 51.4 డిగ్రీల అక్షాంశానిది. 40 వస్తే 57 డిగ్రీలది. కొలతలో రెండు డిగ్రీలు జారితే అక్షాంశం ఐదున్నర డిగ్రీలకు పైగా జారిపోతుంది కాబట్టి ఒక్క గీతను నమ్ముకోకూడదు. ఉదయం 9 గీతతోనూ మిగతా గీతలతోనూ సరిచూసుకోవాలి. పడక పలకలో శంకువు కోణం అక్షాంశమంతే ఉండాలి. అది ఈ లెక్కతో కలవకపోతే రెండిట్లో ఒకటి పరాయిది. ఈ ఒక్క పనీ చేయకుండా పెట్టిన శంకువు అబద్ధం చెబుతుంది. పైగా గడియారం నడుస్తున్నట్టు కనబడుతుంది గనక ఆ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు.

మరమ్మతు పక్షం: అది చెడ్డ మరమ్మతు తప్పు. మరమ్మతు అన్న పనిది కాదు. ఇంకో తప్పు నేనే చెబుతాను. మందమైన శంకువుకు గీసిన పలకలో 12 దగ్గర రెండు గీతలు ఉంటాయి, మధ్యలో శంకువు మందమంత ఖాళీ వదులుతారు. 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నచోట 2 మిల్లీమీటర్ల రేకు పెడితే నీడ అంచు రెండు పక్కలా 2 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి వస్తుంది. గంటల అంకెలు శంకువు మొదలుకు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. 51 డిగ్రీల ప్రాంతంలో అది మధ్యాహ్నానికి అటూ ఇటూ దాదాపు 6 నిమిషాలు. పొద్దున ముందు నడుస్తుంది, మధ్యాహ్నం దాటాక వెనకబడుతుంది. దాన్ని చూసి ఎవరో పలకను కాస్త తిప్పుతారు. తిప్పితే ఒక పూట తేడా పోయి రెండో పూట రెట్టింపు అవుతుంది. ఇవన్నీ తెలిసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. మనం దూరంగా నిలబడి రాసుకుంటూ ఉంటే, తెలియనివాళ్ళే ఆ పని చేస్తారు. అడిగే యజమాని ఎలాగూ ఎవరో ఒకరి చేత చేయించుకుంటాడు.

నమోదు పక్షం: పలక తిప్పడం గురించి ఇంకొక్క మాట. రేఖాంశం తేడాకు డిగ్రీకి 4 నిమిషాలు. దాన్ని సర్దడానికీ పడక పలకను తిప్పేవాళ్ళున్నారు. తిప్పి సర్దగలిగేది గంటల వలయం భూమధ్యరేఖ తలంలో ఉండే గడియారంలోనే, ఎందుకంటే దానిలో గంట గీతల మధ్య ఎడం అంతటా 15 డిగ్రీలే. పడక పలకలో ఎడాలు సమానం కావు. 51.5 డిగ్రీల అక్షాంశంలో 12కీ 1కీ మధ్య 11.8 డిగ్రీలు, 5కీ 6కీ మధ్య దాదాపు 19. మూడు డిగ్రీలు తిప్పితే మధ్యాహ్నం పావుగంట మారుతుంది, సాయంత్రం తొమ్మిది నిమిషాలకు పైగా మారుతుంది.

మరమ్మతు పక్షం: ఒప్పుకున్నాను. వేరేచోటి నుంచి తెచ్చిన పలకకు చేయాల్సింది తిప్పడం కాదు, వాలు ఇవ్వడం. నాలుగు డిగ్రీలు ఉత్తరానికి తెచ్చిన 300 మిల్లీమీటర్ల పలకకు ఉత్తరపు అంచు 21 మిల్లీమీటర్లు ఎత్తాలి. అప్పుడు శంకువు మళ్ళీ భూమి అక్షానికి సమాంతరమవుతుంది. పలకను ఉలితో ముట్టుకోనక్కర్లేదు, కింద ఒక వాలు రాయి చాలు. క్రీ.పూ. 263లో సిసిలీ నుంచి కటానియా గడియారాన్ని రోముకు తెచ్చి నిలబెట్టారు. అది అక్కడికి కుదరకపోయినా 99 ఏళ్ళు దాన్నే నమ్ముకున్నారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మీ పద్ధతిలో ఇంకో 99 ఏళ్ళు ఉంచేవాళ్ళం.

నమోదు పక్షం: ఉంచితే ఏమైంది? ఆ గడియారం చెప్పిన వేళకన్నా, అది ఎక్కడి నుంచి ఎలా వచ్చిందన్నదే ఇవాళ మనకు విలువైన సంగతి. డమాస్కస్ ఉమయ్యద్ మసీదు మీనారులో 1371 ప్రాంతంలో ఖగోళ శాస్త్రవేత్త ఇబ్న్ అల్-షాతిర్ పెట్టిన పాలరాతి గడియారం సంగతి చూడండి. ఇప్పుడు మీనారులో ఉన్నది 1876లో అల్-తంతావీ చేసిన నకలు. అసలు దాని ముక్కలు అక్కడి జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. దాన్ని సరిచేయబోయి ఆ అల్-తంతావీయే పగలగొట్టాడంటారు. అతను అనామకుడు కాదు, వేళలు లెక్కగట్టడంలో ఆరితేరినవాడు. నైపుణ్యం ఉన్నంత మాత్రాన రాయి పగలకుండా ఉండదు.

మరమ్మతు పక్షం: ఆ నకలే లేకపోతే మీనారు ఇవాళ ఖాళీ. ఆ ఉదాహరణ నాకూ పనికొస్తుంది.

సరే, మాటలు వదిలి ఒక గోడ ముందు నిలబడదాం. గచ్చు మీద రంగుతో గీసిన నిలువు గడియారం. శంకువు విరిగి, అంగుళం ఇనప మొండి మాత్రం మిగిలింది. మీరు ఏం చేస్తారు?

నమోదు పక్షం: మొదట మొండిని కదపను. అది గోడలోంచి ఏ కోణంలో వస్తోందో కొలుస్తాను. పోయిన శంకువు గురించి మిగిలిన సాక్షి అదొక్కటే. తర్వాత గంట గీతలను దారాలతో వెనక్కి పొడిగించి ఎక్కడ కలుస్తాయో చూస్తాను. శంకువు మొదలు అక్కడే ఉండాలి. మొండి అక్కడ లేకపోతే అది తర్వాతెప్పుడో ఎవరో పెట్టింది. ఆ పైన గోడ ఎటు తిరిగి ఉందో కొలవాలి. దిక్సూచితో కాదు. గోడలో ఇనుముంటే ముల్లు పక్కకు లాగుతుంది, లేకపోయినా అయస్కాంత ఉత్తరం వేరు. సూర్యుడితోనే కొలవాలి. చదరమైన బల్లముక్కను గోడకు ఆనించి లెవల్ చూసి పట్టుకుని, దారానికి తూకపు గుండు కట్టి, ఆ దారం నీడ బల్ల మీద ఎటు పడిందో గీసి, నిమిషం కచ్చితంగా రాసుకోవాలి. ఆ నిమిషానికి సూర్యుడి దిశ లెక్కలో వస్తుంది. రెండిటి తేడాను బట్టి గోడ ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. ఉదయం నాలుగు, సాయంత్రం నాలుగు కొలతలు తీసి సగటు కట్టాలి. ఫోటోలు ఎదురుగా నిలబడి, కొలబద్ద పక్కన పెట్టి తీయాలి. చెరిగిన గీతల కోసం సూర్యుడు గోడ వెంబడి పక్కవాటుగా పడే వేళ దాకా ఆగి మళ్ళీ తీయాలి. ఎదురెండలో కనబడని గాట్లు అప్పుడు తేలతాయి.

మరమ్మతు పక్షం: ఇంతవరకూ నేనూ మీ వెంటే. ఇప్పుడు లెక్క నాది. 51.5 డిగ్రీల అక్షాంశం, గోడ దక్షిణం నుంచి 20 డిగ్రీలు తూర్పుకు తిరిగి ఉంది అనుకుందాం. శంకువు నిలబడే గీత నిట్టనిలువు గీతకు 15.2 డిగ్రీల దూరంలో, ఎదురుగా చూస్తే ఎడమ పక్కన, ఉదయం గంటల వైపు ఉండాలి. గోడ నుంచి శంకువు ఎత్తు 35.8 డిగ్రీలు. సూటిగా దక్షిణం చూసే గోడ అనుకుని 12 గీత మీదే 38.5 డిగ్రీలతో పెట్టడమే అందరూ చేసే పొరపాటు. 12 గీత ఏ నిలువు గోడ మీదైనా నిట్టనిలువే గనక కంటికి అదే సబబుగా తోస్తుంది.

ఇక ఆ మొండి. మీరు కొలిచి వదిలేస్తానంటారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. సీసం పోసి బిగించిన రంధ్రంలో ఉబ్బే ఇనుముకు చోటుండదు, రాయి చీలుతుంది. మొదట వెంట్రుకంత చీలిక, దానిలోకి వాన, చలికాలంలో గడ్డకట్టిన నీరు, చివరికి అంకెతో సహా ఒక పెచ్చు కింద పడుతుంది. ముట్టుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో వేద్దాం?

నమోదు పక్షం: ఇక్కడ మీదే న్యాయం. తుప్పు మొండిని తీసేయాల్సిందే, నేను అడ్డుపడను. సుత్తితో మాత్రం వద్దు. చుట్టూ ఉన్న సీసంలో సన్నటి రంధ్రాలు వేసి, వదులు చేసి లాగాలి. తీసిన మొండికి చీటీ కట్టి దాచాలి. నేను భయపడేది మొండి తీసిన తర్వాత జరిగే పనికి. సిమెంటు పూస్తారు. సిమెంటు మెత్తని రాతికన్నా గట్టిది, లోపలి తడిని బయటికి పోనివ్వదు, ఉప్పు దాని అంచున పేరుకుని చుట్టూ ఉన్న రాయే రాలుతుంది. సున్నపు గచ్చుతోనే పూడ్చాలి. రంగు వేస్తే ఊపిరాడే సున్నపు రంగో సిలికేటు రంగో కావాలి. ప్లాస్టిక్ రంగు కింద తడి చేరి మొత్తం పొరలా ఊడుతుంది, ఊడుతూ పాత గీతను కూడా తీసుకుపోతుంది. కంచు పలకలైతే నా భయం మెరుగు పెట్టేవాళ్ళతో. ప్రతి మెరుగుకూ కొంత లోహం పోతుంది. మొదట పోయేది తయారీదారు పేరు లాంటి సన్నటి చెక్కడం. కంచు మీద కాలంతో పట్టే ఆ పచ్చని పొర మురికి కాదండీ, దాన్ని అలా ఉండనివ్వాలి.

మరమ్మతు పక్షం: కంచు విషయంలో నాకు తగువు లేదు. ఇసుక ఊది శుభ్రం చేయడం, తీగబ్రష్షు, యాసిడ్ ఈ మూడూ నిషేధమని సంఘం నియమావళిలోనే రాయిద్దాం. కొత్త శంకువు ఇనుముతో వద్దు, కంచుతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేయిద్దాం. అలా చేస్తే మీకు అభ్యంతరం ఏమిటి?

నమోదు పక్షం: అన్ని గడియారాలకూ శంకువు అక్షానికి సమాంతరంగా వాలి ఉండాలన్న మీ ఊహే అభ్యంతరం. ఇంగ్లండులో కిర్క్‌డేల్ చర్చి తలుపు మీద 1055కీ 1065కీ మధ్యదైన సాక్సన్ గడియారం ఉంది. ఓర్మ్ అనేవాడు కూలిన చర్చిని కొని మళ్ళీ కట్టించాడని దాని మీదే చెక్కి ఉంది. అర్ధవృత్తాన్ని ఎనిమిది భాగాలు చేశారు. మన గంటలు కావవి, పగటిని పంచుకున్న వంతులు. అలాంటివాటికి గోడకు లంబంగా ఒక పుల్ల చాలు. పాత చర్చిల దక్షిణపు గోడల మీద గీకిన చిన్న చిన్న ప్రార్థనవేళల గడియారాలూ అంతే. వాటి రంధ్రంలో వాలు శంకువు దూర్చితే వెయ్యేళ్ళనాటి లెక్క మీద మన లెక్క రుద్దినట్టు. కిర్క్‌డేల్ గడియారం మీదికి తర్వాత వాకిలి మండపం కట్టారు, దాని మీద ఎండే పడదు. ఆ అక్షరాలు ఇవాళ చదవగలుగుతున్నామంటే అందులో ఆ నీడ పాత్ర ఉంది.

మరమ్మతు పక్షం: అలాంటి వాటిని నేను తాకను. రాసివ్వమంటే రాసిస్తాను. నా వాదన గణితం తెలిసి గీసిన గడియారాల గురించి. వాటి గీతల్లోనే శంకువు కోణం దాగి ఉంది, మనం కొత్తగా ఊహించేది ఏమీ లేదు.

నమోదు పక్షం: అయితే ఒక షరతు. లోహం కోసే ముందు పలచని చెక్కతో అచ్చు చేసి, జిగురు లేకుండా దారాలతో నిలిపి, ఏడాది పాటు చూడండి. జూన్ చివర, సెప్టెంబరు చివర, డిసెంబరు చివర, మార్చి చివర. ఆ రోజుల్లో ఎండ తగిలే గంటల్లో మూడేసి సార్లు.

మరమ్మతు పక్షం: ఏడాదా? ఒక ఎండరోజు చాలదా?

నమోదు పక్షం: చాలదు. శంకువు అక్షానికి సమాంతరంగా ఉంటేనే ఒకే గీత ఏడాది పొడుగునా ఒకే వేళ చూపుతుంది. కోణం తప్పితే ఒక కాలంలో కుదిరి ఇంకో కాలంలో తప్పుతుంది. మార్చిలో చూసి సంబరపడితే జూన్‌లో దొరికిపోతాం. పోల్చేటప్పుడు కాలసమీకరణం, అంటే రోజును బట్టి నీడ వేళకూ చేతిగడియారం వేళకూ వచ్చే తేడా, తీసేయడం మరవకండి. నవంబరు 3 ప్రాంతంలో నీడ మన చేతిగడియారం కన్నా 16 నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరి 11 ప్రాంతంలో 14 నిమిషాలు వెనక. దాన్ని తప్పనుకుని శంకువు వంచినవాళ్ళున్నారు. ఇంకోటి, సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు పళ్ళెం. నీడ అంచు రెండు నిమిషాలంత మసకగా ఉంటుంది. ఆ మసక మధ్యన చదవాలి. ఒకరు చదివింది ఇంకొకరు చూడకుండా చదివి సరిపోల్చాలి.

మరమ్మతు పక్షం: ఏడాది అచ్చుకు ఒప్పుకుంటాను. పిల్లవాడి ప్రశ్నకు జవాబుగా ఆ సవరణ వక్రరేఖను చిన్న పలక మీద గీసి పక్కన పెడదాం, గోడ మీద కాకుండా విడిగా కర్రకు. నాలుగు కాలాల కొలతలు రెండు మూడు నిమిషాల్లోపు కలిస్తే సంతకం పెడతారా?

నమోదు పక్షం: పెడతాను, కొత్త శంకువును సీసంతో కాక మరలతో, మళ్ళీ విప్పేలా బిగిస్తే. దాని మీద చేసిన సంవత్సరం ఉండాలి.

మరమ్మతు పక్షం: అడుగున చెక్కిస్తాను, చూపుకు అడ్డు రాకుండా.

నమోదు పక్షం: అడుగున చెక్కితే అది చదవడానికే రేపు ఎవరో శంకువు ఊడదీస్తారు. పక్క ముఖం మీద, గోడకు దగ్గరగా, మూడు మిల్లీమీటర్ల అంకెల్లో చెక్కించండి.